పిప్పి ఎవరిది?

మారిషస్ చెరకు పిప్పితో దీపాలు వెలిగించింది. వంటింటి చెత్తను మాత్రం కొండలా పోగేసింది. ఒక చిన్న దేశం ఒకచోట గెలిచి, ఇంకోచోట ఎందుకు చతికిలబడింది?

2020 ఆగస్టు. మారిషస్ ఆగ్నేయ తీరంలో మహేబూర్ అనే చిన్న పట్నం. రేవు ఒడ్డున పిల్లా పెద్దా చేరి సంచులు కుడుతున్నారు. తోటల నుంచి తెచ్చిన ఎండు చెరకాకు గుట్టలుగా పడివుంది. ఒకరు ఆకును గుప్పిళ్ళతో తీసి పొడవాటి గుడ్డ గొట్టంలోకి కూరుతుంటే, ఇంకొకరు నీటి మీద తేలడానికి మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు మధ్యమధ్య పెడుతున్నారు. మూతి కుట్టేసిన గొట్టాలను పదిమంది వరసగా భుజాన వేసుకుని సముద్రంలోకి దింపుతున్నారు. నూనెను పీల్చుకుంటుందని సెలూన్ల నుంచి జుట్టు కూడా పోగుచేసి తెచ్చారు.

అంతకు కొద్ది రోజుల ముందు, జూలై 25న, వకాషియో అనే భారీ సరుకు ఓడ పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. ఆగస్టు 6 నుంచి దాని ట్యాంకులోని ఇంధనం కారడం మొదలైంది. దాదాపు వెయ్యి టన్నుల నల్లటి నూనె నీలి మడుగుల్లోకి, మడ అడవుల్లోకి చేరింది. తెట్టును ఆపే సరంజామా దేశంలో చాలినంత లేదు. విదేశాల నుంచి వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేక జనం చేతికి దొరికిన దానితో పనిలోకి దిగారు. శుభ్రం చేసే పని అధికారులకు వదిలి వెళ్ళిపొమ్మని ప్రభుత్వం చెప్పినా కదల్లేదు.

వాళ్ళ చేతికి దొరికింది చెరకాకు, ఖాళీ సీసాలు. ఒకటి పొలంలో మిగిలేది, రెండోది ఇంట్లో మిగిలేది. ఆ దేశం వ్యర్థాలతో నెరపుతున్న సంసారమంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. పొలంలో మిగిలేదానికి విలువ కట్టడంలో మారిషస్ ప్రపంచానికి పాఠం చెప్పగలిగింది. ఇంట్లో మిగిలేదాని విషయంలో ఇంకా ఓనమాల దగ్గరే ఉంది. ఈ తేడా ఎక్కడొచ్చిందో అర్థమైతే, వ్యర్థాన్ని తిరిగి వనరుగా వాడే సర్క్యులర్ ఎకానమీ అని ఇవాళ అందరూ అంటున్న మాట అసలు ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా అర్థమవుతుంది.

కోనసీమ అంత దేశం

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మన కోనసీమ జిల్లా అంత. జనాభా దాదాపు పన్నెండున్నర లక్షలు. బొగ్గు లేదు, చమురు లేదు, గ్యాస్ లేదు, ఇనుము లేదు. తినే తిండిలో కూడా నాలుగింట మూడు వంతులు బయటి నుంచి రావలసిందే. ఓడ దిగిన ప్రతి టైరు, ప్రతి సీసా, ప్రతి ఫ్రిజ్జు పాడయ్యాక ఆ నేల మీదే ఎక్కడో ఒకచోట సర్దాలి. పక్క జిల్లాకు లారీల్లో తోలేద్దామంటే పక్కన ఉన్నది సముద్రం.

1961లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ నాయకత్వంలో వచ్చిన నివేదిక ఈ దేశ భవిష్యత్తు మీద పెద్దగా ఆశ చూపించలేదు. జనం వేగంగా పెరుగుతున్నారు, పంట చూస్తే ఒక్క చెరకే, ఇక గట్టెక్కడం కష్టమన్నది దాని సారాంశం. మీడ్‌కు ఆ తర్వాత 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భయపడినట్టు మాత్రం జరగలేదు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం తెచ్చుకున్న మారిషస్, 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక మండలం పెట్టి బట్టల మిల్లులను రప్పించింది. తర్వాత పర్యాటకం, ఆ తర్వాత బ్యాంకింగ్ వచ్చి చేరాయి. 2020 జూలైలో ప్రపంచ బ్యాంకు దాన్ని అధికాదాయ దేశాల జాబితాలో చేర్చింది. కోవిడ్ దెబ్బకు మరుసటి ఏడాదే ఆ మెట్టు దిగింది.

ఈ ఎదుగుదలకు తొలి పెట్టుబడి చెరకు నుంచే వచ్చింది. ఆ చెరకును నాటిన చేతుల్లో మనవాళ్ళవీ ఉన్నాయి.

కోరంగీలు

బ్రిటిష్ వాళ్ళు బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. 1834 నుంచి మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పంద కూలీలుగా మారిషస్‌లో దిగారు. వాళ్ళలో అత్యధికులు భారతీయులు. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే అక్కడ వాళ్ళకు కోరంగీలన్న పేరు పడింది. ఐదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు ఐదు రూపాయల జీతం, కాస్త తిండి గింజలు. భాష చాలా ఇళ్ళలో క్రియోల్‌గా మారిపోయినా రామభజనలు, అమ్మోరు పండుగ నిలిచాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే.

మన కథకు కావలసిన మలుపు 1880ల నాటిది. చక్కెర ధరలు పడిపోయి చిక్కుల్లో పడ్డ ఎస్టేట్లు తమ శివారు భూములను ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఒప్పందం ముగిసిన కూలీలు కడుపు కట్టుకుని దాచిన రూపాయలతో అరెకరం, ఎకరం కొనుక్కున్నారు. అలా చిన్న చెరకు రైతు పుట్టాడు. మిల్లు మాత్రం ఎస్టేటు చేతిలోనే ఉండిపోయింది. చెరకు రైతుది, రోలర్లు మిల్లువి. చక్కెరలో ఎవరి వాటా ఎంతో బేరాలు నడిచాయి, చివరికి రైతుకు 78 శాతం, మిల్లుకు 22 శాతం అన్న లెక్క చాలాకాలం చెల్లింది. పిప్పి సంగతి మొదట్లో ఎవరికీ పట్టలేదు. దానికి విలువ లేదు గనుక అది మిల్లు పెరట్లోనే ఉండిపోయింది.

పిప్పి లెక్క

వంద టన్నుల చెరకు గానుగాడితే పది పదకొండు టన్నుల చక్కెర వస్తుంది. సుమారు ముప్ఫై టన్నుల పిప్పి మిగులుతుంది. మూడు నాలుగు టన్నుల మొలాసిస్, దాదాపు అంతే ప్రెస్‌మడ్ (రసం వడగట్టాక మిగిలే మడ్డి) దిగుతాయి. మిగిలిందంతా దాదాపు నీరే. అంటే మనం చక్కెర మిల్లు అంటున్నదాంట్లో చక్కెరకు మూడింతల బరువు పిప్పి తయారవుతుంది.

అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళకు దీని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. గానుగలోంచి వచ్చిన పిప్పిని కళ్ళంలో ఎండబెట్టి, అదే పెనం కింద పొయ్యిలోకి ఎగదోసి, ఆ మంటతోనే రసం కాచి పాకం పడతారు. కట్టెలు కొనే పని లేదు. పొయ్యిలో మిగిలిన బూడిద మళ్ళీ చేలోకి పోతుంది. మారిషస్ చేసింది ఈ పొయ్యిని దేశమంత పెద్దది చేయడం.

అది ఒక్కరోజులో అయిన పని కాదు. పాత మిల్లుల్లో బాయిలర్లు తక్కువ పీడనంతో నడిచేవి. పిప్పిని పొదుపుగా వాడాలన్న పట్టింపు ఎవరికీ లేదు. పైపెచ్చు, మిగిలితే తడిసి కుళ్ళుతుంది, ఎండితే నిప్పంటుకుంటుంది. కనుక ఎంత ఎక్కువ తగలేస్తే అంత నయమనుకునేవాళ్ళు. 1957లో సాంత్ ఆంత్వాన్ మిల్లు తన అవసరానికి పోను మిగిలిన కరెంటును తొలిసారి దేశ గ్రిడ్‌కు అమ్మింది. కానీ విద్యుత్ బోర్డుకు అది అక్కరకొచ్చే సరుకుగా కనిపించలేదు. చెరకు కోతల కాలం జూన్, జూలైలో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది. మిల్లు ఆగితే కరెంటూ ఆగుతుంది. ఆర్నెల్లు ఉండి ఆర్నెల్లు లేని కరెంటుకు మంచి ధర ఎవరిస్తారు?

1970ల్లో చమురు ధరలు రెండుసార్లు మండిపోయాక ఆలోచన మారింది. 1982లో ఫ్లాక్ మిల్లు కోతల కాలంలో పిప్పి, మిగతా నెలల్లో బొగ్గు మండించే బాయిలర్‌తో ఏడాది పొడవునా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 1991లో ప్రభుత్వం పిప్పి విద్యుత్తుకు ప్రత్యేక కార్యక్రమమే ప్రకటించింది. 2000 సంవత్సరంలో ఉత్తరాన బెల్ వ్యూలో 82 బార్ల పీడనంతో పనిచేసే ప్లాంటు వచ్చింది. పాత బాయిలర్లు ఇరవై చిల్లర బార్ల దగ్గరే ఆగిపోయేవి. ఆవిరి పీడనం ఇంత పెరిగేసరికి అదే పిప్పి నుంచి టర్బైన్ కొన్ని రెట్లు కరెంటు తీయగలిగింది. టన్ను చెరకుకు నూరు యూనిట్లకు పైగా గ్రిడ్‌కు చేరింది. ఒక మధ్యతరగతి ఇంటికి దాదాపు నెల రోజుల కరెంటు అది. పైగా చక్కెర వేరే.

యంత్రాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. మారిషస్ తెలివి ఒప్పందంలో ఉంది. ప్లాంటు కట్టకముందే ప్రభుత్వ విద్యుత్ బోర్డు ఇరవై ఏళ్ళ పాటు ఫలానా ధరకు కొంటానని సంతకం పెట్టింది. ఆ కాగితం చూసి బ్యాంకులు అప్పిచ్చాయి. 1994లో ఇంకో అడుగు ముందుకేసి చెరకు పెట్టుబడుల ట్రస్టు ఒకటి నెలకొల్పారు. చిన్న రైతులు, మిల్లు కార్మికులు అందులో వాటాదారులు. ఆ ట్రస్టు ద్వారా మిల్లుల్లో 20 శాతం వాటా వాళ్ళకు దక్కింది, తర్వాత విద్యుత్ కంపెనీల్లోనూ కొంత వాటా వచ్చింది. వందేళ్ళకు పైగా మిల్లు గేటు బయట బండితో నిలబడ్డ రైతు, తక్కువ వాటాతోనైనా సరే, గేటు లోపలికి వచ్చాడు. మారిషస్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

36 శాతం కోత

1975 నుంచి మారిషస్ చక్కెరకు ఐరోపాలో పెద్దదిక్కు ఉండేది. ఏటా ఐదు లక్షల టన్నుల దాకా, ప్రపంచ మార్కెట్ కంటే బాగా ఎక్కువ ధరకు, ఐరోపా దేశాలు కొనేవి. 2006 నుంచి ఆ ధరను దశలవారీగా 36 శాతం తగ్గించారు. 2009లో పాత ఒప్పందమే రద్దయింది. అంతవరకు ఆ ధర మీదే బతికిన చక్కెర పరిశ్రమకు అది పిడుగుపాటు.

అప్పుడు చేసిన సర్దుబాటు కఠినమైనదే. మిల్లులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో రెండు వందలకు పైగా ఉన్నవి 1990లకు పంతొమ్మిదికి, 2010ల మధ్యకు నాలుగుకు, ఇప్పుడు మూడుకు తగ్గాయి. కార్మికులను ఉత్త చేతులతో పంపలేదు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్ళకు నగదుతో పాటు ఇంటి స్థలం కూడా ఇచ్చారు. ముడి చక్కెర అమ్మడం తగ్గించి, శుద్ధి చేసిన చక్కెర, మంచి ధర పలికే ముదురు రంగు ప్రత్యేక చక్కెరల వైపు మళ్ళారు.

దక్షిణాన లా బరాక్ దగ్గరున్న మిల్లు సముదాయాన్ని చూస్తే ఈ మార్పు కళ్ళకు కడుతుంది. ఒక పక్క నుంచి చెరకు లోపలికి వెళుతుంది. చక్కెర శుద్ధి అక్కడే. పిప్పి పక్కనున్న విద్యుత్ కేంద్రానికి పోతుంది, ఆ కేంద్రం వదిలిన ఆవిరి తిరిగి మిల్లుకు వచ్చి రసాన్ని కాస్తుంది. మొలాసిస్ డిస్టిలరీకి చేరి ఇథనాల్ అవుతుంది. పులిసేటప్పుడు పైకి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి కూల్‌డ్రింకుల తయారీకి ఇస్తారు. డిస్టిలరీలో చివర మిగిలే ద్రవాన్ని చిక్కబరిచి చేలకు ఎరువుగా తోలతారు. ప్రెస్‌మడ్ కూడా చేలకే. బొగ్గు బూడిదలో కాలకుండా మిగిలిన కార్బన్‌ను మళ్ళీ మండించి, ఆ బూడిదను సిమెంటులో కలపడానికి పంపుతారు. ప్రతి మిగులుకూ పక్కింట్లో ఒక కొనుగోలుదారు ఉన్నాడు. దేశంలో ఎక్కడో విడివిడిగా ఉంటే ఇవేవీ గిట్టుబాటు కావు. ఒకే ఆవరణలో ఉండటం వల్లే పైపు వేసి పంపగలిగారు.

2010ల మధ్యలో దేశం వాడిన కరెంటులో దాదాపు ఆరో వంతు పిప్పి నుంచే వచ్చింది. సౌర ఫలకాల ఊసు పెద్దగా లేని రోజుల నుంచి ఒక పేద దీవి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు.

బొగ్గు నీడ

అయితే ఈ కథను ఇక్కడే ఆపి చప్పట్లు కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది సరి కాదు.

కోతలు ముగియగానే అవే బాయిలర్లలో బొగ్గు పడుతుంది. ఏడాది మొత్తం లెక్క చూస్తే పిప్పి కంటే బొగ్గు కరెంటే ఎక్కువ. పిప్పి ప్లాంటు అని పేరు పెట్టుకున్న చోట ఓడల్లో దిగుమతైన బొగ్గు మండుతుంటే పర్యావరణ సంఘాలు గొడవ చేశాయి, చేయాలి కూడా. 2021లో ప్రభుత్వం 2030 నాటికి బొగ్గును పూర్తిగా మానేస్తామని, కరెంటులో 60 శాతం పునరుత్పాదక వనరుల నుంచే తీస్తామని ప్రకటించింది. కానీ ఈలోగా పిప్పి వాటా పెరగాల్సింది పోయి పదో వంతు దరిదాపులకు పడిపోయింది.

కారణం వెతకడానికి ఇంజనీరు అక్కర్లేదు. చెరకే తగ్గిపోయింది. ఈ శతాబ్దం మొదట్లో ఏటా యాభై లక్షల టన్నుల చెరకు ఆడేవాళ్ళు. ఇప్పుడు అందులో సగమే. 1973లో ఏడు లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇటీవల రెండు, రెండున్నర లక్షల దగ్గర తచ్చాడుతోంది. చిన్న రైతుల సంఖ్య రెండు దశాబ్దాల్లో సగానికి మించి తగ్గింది. చెరకు నరికే మనిషి దొరకడు. దొరికినా ఆ కూలీ గిట్టదు. అరెకరం చేలోకి కోత యంత్రం తిప్పలేరు. రైతు కొడుకు పోర్ట్ లూయీలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాడు, కూతురు బ్యాంకులో ఉంది. వాళ్ళను తప్పుపట్టేదేముంది? తాతలు ఓడ ఎక్కింది మనవలు ఎండలో చెరకు నరకాలని కాదు కదా. అలా వదిలేసిన చేలల్లో తుప్పలు మొలిచాయి.

ఈ దశలోనే పాత ప్రశ్న మళ్ళీ లేచింది. పిప్పి ఎవరిది? చక్కెర మీద వాటా లెక్క ఉంది. పిప్పికి కూడా రైతులకు ఎంతో కొంత ఇచ్చే నిధి 1980ల నుంచే ఉంది గానీ, ఇచ్చింది నామమాత్రం. ఆ పిప్పితో నడిచిన విద్యుత్ కంపెనీలకు ఇరవై ఏళ్ళ పాటు భరోసా ధర దక్కితే, దాన్ని చేలో పండించిన మనిషికి చిల్లర దక్కింది. ట్రస్టులో వాటా ఉంది నిజమే, కానీ డివిడెండు ఎరువుల ఖర్చుకు సరిపోలేదు. ఆ రైతు చేను వదిలేశాక మిల్లుకు చెరకు తగ్గింది, ప్లాంటుకు పిప్పి తగ్గింది, బోర్డుకు బొగ్గు తప్పలేదు. 2021లో ప్రభుత్వం పిప్పికి రైతుకిచ్చే మొత్తాన్ని బాగా పెంచింది. చేలో మిగిలే ఆకుకు, ఇతర జీవ ఇంధనాలకు కూడా కరెంటు ధర ప్రకటించింది. మంచి పనే. పదిహేనేళ్ళ ముందు చేసివుంటే ఆ బీడు చేలల్లో సగమైనా ఇవాళ చెరకు ఉండేదని నా నమ్మకం.

మార్ షికోజ్

ఇక ఇంట్లో మిగిలేదాని సంగతి.

దేశం మొత్తానికి చెత్త పూడ్చే చోటు ఒక్కటే, దక్షిణాన ఉన్న మార్ షికోజ్. 1997లో తెరిచారు. తెరిచిన రోజుల్లో అది పద్ధతిగా కట్టిన డంపింగ్ యార్డు. అడుగున నీరు ఇంకకుండా పొర వేశారు, మురుగు పట్టే ఏర్పాటు చేశారు. 2011 నుంచి కుళ్ళే చెత్తలోంచి వచ్చే గ్యాసుతో కొంత కరెంటు కూడా తీస్తున్నారు. కానీ చెత్త లెక్క అదుపు తప్పింది. ఇటీవల ఏటా ఐదు లక్షల టన్నులకు పైగా అక్కడికి చేరుతోంది. రోజుకు పద్నాలుగు, పదిహేను వందల టన్నులు. పక్కకు జరగడానికి స్థలం లేక ఎత్తు పెంచుకుంటూ పోయారు. కంపు, ఈగలు భరించలేక మొర పెట్టుకున్న పక్క ఊరి కుటుంబాలను వేరే చోటికి తరలించారు. 2022 చివర్లో ఆ గుట్టకు నిప్పంటుకుని రోజుల తరబడి ఆరలేదు.

ఆ గుట్టలో సగానికి పైగా తడి చెత్త. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, తోటలో కత్తిరించిన కొమ్మలు, ఆకులు. అంటే మట్టిలో కలిస్తే ఎరువయ్యే సరుకు. మరోపక్క చెరకు చేలకూ కూరగాయల మడులకూ రసాయన ఎరువులు ఓడల్లో దిగుతున్నాయి. ఈ రెండింటినీ కలపాలన్న ఆలోచన రాక కాదు. 2011లో లా షోమియేర్ దగ్గర పెద్ద కంపోస్టు ప్లాంటు పెట్టారు. కొన్నేళ్ళు నడిచి మూతపడింది. కలగలిపిన చెత్తతో కంపోస్టు చేయడం ఎక్కడైనా తలనొప్పే. గాజుపెంకు, బ్యాటరీ, షాంపూ ప్యాకెట్టు ఏరలేక ఎరువు నాణ్యత పోతుంది. నాణ్యత లేని ఎరువును రైతు చేలో చల్లడు.

పిప్పి దగ్గర కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరలేదంటే, పిప్పికి ముందుగానే ధర రాసిచ్చిన కొనుగోలుదారు ఉన్నాడు, కంపోస్టుకు అలాంటివాడు లేడు. ఇంటి చెత్తకు విడిగా రుసుమూ లేదు. తడి పొడి వేరు చేసిన ఇల్లాలికీ, అన్నీ ఒకే సంచిలో కట్టి పడేసిన పొరుగింటికీ బండి ఒకటే, ఖర్చు సున్నా. వేరు చేసిన చెత్తను కూడా అదే లారీలో పోస్తే ఆ ఇల్లాలు మర్నాడు ఎందుకు వేరు చేస్తుంది? పర్యాటకుల భారం దీనికి అదనం. 2019లో 13 లక్షల 80 వేల మందికి పైగా విదేశీయులు వచ్చారు. దేశ జనాభా కంటే ఎక్కువ. బఫే బల్లల మీద మిగిలిందంతా అదే గుట్టకు చేరుతుంది.

నిషేధాల విషయంలో మారిషస్ వెనకాడలేదు. సముద్రపు మడుగుల్లోంచి ఇసుక తవ్వడాన్ని 2001లో ఆపేసింది. ఆ ఇసుకే అప్పటిదాకా ఇళ్ళకు ఆధారం. బదులుగా దీవిలో పుష్కలంగా దొరికే నల్లరాయిని పిండి చేసి వాడటం మొదలుపెట్టారు, ఇళ్ళు కట్టడం ఆగలేదు. ప్లాస్టిక్ సంచులను 2016 జనవరి 1న నిషేధించింది. 2021 జనవరి 15 నుంచి స్ట్రాలు, ప్లేట్లు, ఆహారం కట్టిచ్చే డబ్బాలు లాంటి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల మీద నిషేధం వచ్చింది. వీటిలో ఇసుక నిషేధం నిలిచినంత గట్టిగా ప్లాస్టిక్ నిషేధం నిలవలేదు. ఇసుకకు బదులుగా రాతి పొడి చేతికందే ధరలో దొరికింది. ప్లాస్టిక్‌కు బదులు వచ్చినవి ఖరీదైనవి, చాలావరకు అవీ ఓడ దిగినవే.

2023లో సర్క్యులర్ ఎకానమీకి పదేళ్ళ ప్రణాళిక ప్రకటించారు, 2033 దాకా. వ్యవసాయం, ఆహారం, నిర్మాణం, వినియోగ వస్తువులు అందులో ముఖ్యమైనవి. వ్యర్థాల నిర్వహణకు అదే ఏడాది కొత్త చట్టమూ చేశారు. వేరు చేసి ఇవ్వడం, వనరుగా మార్చడం అన్న మాటలు ఇప్పుడు చట్టంలోకి ఎక్కాయి. మాటలు బాగున్నాయి. వాటి వెనక సంతకం పెట్టిన కొనుగోలుదారు ఎవరన్నదే నేను అడుగుతాను.

మారిషస్‌కు ఇందులో పరాయి దేశాల సలహాదారులు కూడా అక్కర్లేదు. తన మిల్లు గేటు దగ్గర ఏం చేసిందో గుర్తు చేసుకుంటే చాలు. తడి చెత్తతో చేసిన ఎరువును ఫలానా నాణ్యత ఉంటే ఫలానా ధరకు ఇరవై ఏళ్ళు కొంటామని ప్రభుత్వం రాసివ్వాలి. ఆ ఎరువును చెరకు చేలకు, కూరగాయల రైతులకు సబ్సిడీ మీద చేర్చాలి. ఎరువుల దిగుమతికి పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్ళుతుంది. హోటళ్ళు తమ వంటగది చెత్తను వేరుగా ఇవ్వకపోతే రుసుము కట్టాలి. పిప్పికి, చెరకాకుకు చిన్న రైతుకు ఇచ్చే ధర ఏటా బడ్జెట్లో ప్రకటించే దయగా ఉండకూడదు, విద్యుత్ కంపెనీకి ఇచ్చినట్టే ఒప్పందంగా ఉండాలి. సముదాయాలుగా చేలను కలిపి కోత యంత్రాలు తిప్పడానికి రైతులు సిద్ధపడేది ఆ ధర చేతికొస్తుందన్న నమ్మకం ఉంటేనే. ఇవి జరగకుండా 2030 నాటికి బొగ్గు ఆగుతుందని నేను అనుకోను.

మారిషస్‌కు ఏటా వెళ్ళే తెలుగు ప్రయాణికులకు ఒక మాట. వీలైతే జూలై, నవంబరు మధ్య వెళ్ళండి, కోతలు నడుస్తుంటాయి. పాంప్లెమూస్ బొటానికల్ తోట చూశాక, దగ్గర్లోని బో ప్లాన్‌కు వెళ్ళండి. 1999లో మూతపడిన మిల్లును 2002లో చక్కెర మ్యూజియంగా మార్చారు, పాత యంత్రాలు అలాగే ఉన్నాయి. కోరంగీల చరిత్ర తెలుసుకోవాలంటే పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు తప్పక ఒక పూట కేటాయించండి. పెట్టెలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు సర్దకండి, అక్కడ నిషేధం ఉంది. నీళ్ళ సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళి నింపుకోండి. హోటల్ గదిలో మీరు వదిలేసి వచ్చిన వస్తువు ఆ దీవి దాటి ఎక్కడికీ పోదు, మార్ షికోజ్‌కే చేరుతుంది.